మర్యాద నిలుపుకుందాం, మొహమాటం విడిచిపెడదాం
(ఆస్ట్రేలియాకు కొత్తగా వెళ్లేవారి కోసం, వారిని పంపేవారి కోసం)

ఏటా ఫిబ్రవరిలోనూ జులైలోనూ ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాల్లో కొత్త సెమిస్టర్లు మొదలవుతాయి. దానికి కొద్ది వారాల ముందు శంషాబాద్ విమానాశ్రయంలో కాసేపు నిలబడితే మన పిల్లలు చాలామంది కనిపిస్తారు. గుంటూరు, కర్నూలు, కడప, నిజామాబాద్, పాతబస్తీ నుంచి వచ్చినవారు. తూకం సరిచూసి సర్దిన సూట్‌కేసులు, పచ్చళ్ల డబ్బాలు, కొందరి జబ్బకు పెద్దలు కట్టిన ఇమామ్ జామిన్. వారి ఫీజు వెనుక అమ్మిన పొలం ఉంటుంది, బ్యాంకు అప్పు ఉంటుంది, కొన్నిసార్లు మీలాంటి దాతల చేయి కూడా ఉంటుంది.

ఫీజు, వీసా, టికెట్టు విషయంలో మనం తీసుకునే శ్రద్ధలో పదో వంతు కూడా అక్కడి మనుషుల మధ్య ఎలా మెలగాలో చెప్పడంలో తీసుకోము. "పిల్లవాడు తెలివైనవాడు, వెళ్లాక తనే నేర్చుకుంటాడు" అనుకుంటాం. నేర్చుకుంటాడు, నిజమే. కానీ దెబ్బ తిని నేర్చుకోవడం వేరు, తెలిసి వెళ్లడం వేరు. తిరిగి వచ్చినవారితో, అక్కడే స్థిరపడిన బంధువులతో మాట్లాడి మేము గ్రహించిన విషయాలను ఈ వ్యాసంలో ఒకచోట చేర్చాం.

వీటన్నింటి సారం ఒక్క మాటలో చెప్పవచ్చు. ఆ దేశంలో మనవాళ్లను ఇబ్బంది పెట్టేది మన మర్యాద కాదు, మన మొహమాటం. మర్యాదను ఎంతైనా తీసుకెళ్లవచ్చు. మొహమాటాన్ని మాత్రం ఇక్కడే దించి వెళ్లాలి.

మొదటి పాఠం విమానాశ్రయంలోనే

విమానం దిగకముందే ప్రయాణికులు ఒక ప్రకటన పూరించాలి. తినుబండారాలు, విత్తనాలు, పాల పదార్థాలు, మాంసం, చెక్క వస్తువులు ఉన్నాయా అని అందులో అడుగుతారు. ఆస్ట్రేలియా చుట్టూ సముద్రం ఉన్న ఖండం. బయటి పురుగు, తెగులు లోపలికి వస్తే తమ పొలాలూ మందలూ పాడైపోతాయని వారి భయం. అందుకే వాసన పట్టే కుక్కలను కూడా సామాను దగ్గర తిప్పుతారు.

మన పిల్లలు చేసే మొదటి తప్పు ఇక్కడే. పచ్చడి ఉందని చెబితే పారేస్తారేమోనని "లేదు" అని గుర్తు పెడతారు. "ఉంది" అని చెప్పినవారి సామాను అధికారి తెరిచి చూస్తాడు. అనుమతి ఉన్నవి తిరిగి ఇస్తాడు, లేనివి తీసేసుకుంటాడు. ముందే చెప్పినందుకు జరిమానా ఉండదు. దాచి దొరికితే మాత్రం పెద్ద జరిమానా పడుతుంది, వీసా రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది. కలోంజి గింజలు, మిస్వాక్ పుల్ల, తేనె సీసా కూడా చెప్పవలసిన వస్తువులే.

ఈ చిన్న కాగితంలో ఆ దేశపు నడవడి మొత్తం ఉంది. మీ దగ్గర ఏముందో, మీకు ఏది కుదురుతుందో, ఏది కుదరదో ముందుగా చెబితే పేచీ లేదు. దాచితేనే పేచీ.

పేరు పెట్టి పిలిచే దేశం

మనకు పెద్దవారి పేరు పలకడమే తప్పు. సార్, మేడమ్, భాయ్, అన్న, ఆపా అంటాం. అక్కడ ప్రొఫెసరు మొదటి తరగతిలోనే తనను పేరుతో పిలవమంటాడు. ఆఫీసులో పెద్ద అధికారినీ, నేల తుడిచే ఉద్యోగినీ ఒకేలా పేరుతోనే పలకరిస్తారు. పరిచయం లేనివారు కూడా "మేట్" అంటారు. ఇది అగౌరవం కాదు. ఎవరూ ఎవరికంటే ఎక్కువ కాదని చూపించుకోవడం వారి దృష్టిలో గొప్ప గౌరవం. అందరికీ న్యాయమైన అవకాశం దక్కాలన్న ఈ భావాన్ని వారు "ఫెయిర్ గో" అంటారు.

దీని ఆనవాళ్లు రోజూ కనిపిస్తాయి. ఒంటరిగా టాక్సీ ఎక్కిన మగవారు డ్రైవరు పక్క సీట్లో కూర్చోవడం అక్కడి పాత అలవాటు. బస్సు దిగేటప్పుడు డ్రైవరుకు థాంక్స్ చెప్పడం చాలా ఊళ్లలో మామూలు. కాఫీ అడిగితే చివర "ప్లీజ్" రావాలి. అది రాకపోతే పొగరుగా వినిపిస్తుంది. క్యూలో ముందుకు చొరబడితే మాత్రం ఎవరూ క్షమించరు. ఎస్కలేటరు మీద ఎడమవైపు నిలబడి, తొందరలో ఉన్నవారికి కుడివైపు దారి వదలాలి. హోటల్లో టిప్పు ఇవ్వాలన్న నియమం లేదు.

ఇంకో సంగతి. తన ర్యాంకు గురించి, తండ్రి ఆస్తి గురించి, కొన్న కారు గురించి చెప్పుకునేవారిని అక్కడ ఎవరూ మెచ్చరు. తనను తాను కాస్త తగ్గించుకుని, తన మీద తనే జోకు వేసుకునేవారంటే ఇష్టం. వినయం మన ధర్మం నేర్పిన గుణమే కనుక ఇది మనకు కొత్త కాకూడదు.

మాట ఒకటి, అర్థం మరొకటి

ఇంగ్లీషు పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకున్న పిల్లలు కూడా మొదటి వారంలో తికమకపడతారు. "హౌ యా గోయింగ్" అంటే ఎక్కడికి వెళుతున్నావని కాదు, బాగున్నావా అని. దానికి మన కష్టసుఖాలన్నీ ఏకరువు పెట్టనక్కర్లేదు. "బాగున్నా, మీరెలా ఉన్నారు" అంటే చాలు. "ఆర్వో" అంటే మధ్యాహ్నం. "సర్వో" అంటే పెట్రోలు బంకు. "నో వర్రీస్" అంటే పరవాలేదు, అలాగే అని. కొందరి ఇళ్లలో "టీకి రండి" అంటే రాత్రి భోజనానికి పిలిచినట్టు.

విందుకు పిలిచి "ప్లేటు తీసుకురండి" అంటే ఖాళీ పళ్లెం పట్టుకెళ్లిన కొత్తవారి కథలు ఎన్ని తరాల నుంచో వినిపిస్తున్నాయి. ఇంటి నుంచి ఏదైనా ఒక వంటకం చేసి తెమ్మని దాని అర్థం. "బీవైవో" అని రాసి ఉంటే ఎవరి పానీయం వారే తెచ్చుకోవాలి. మన పిల్లలు ఒక గిన్నె బిర్యానీ, పక్కన పెరుగు చట్నీ పట్టుకెళితే ఆ రోజు అందరి చేతులూ ఆ గిన్నె వైపే వెళతాయి.

అన్నిటికంటే ముఖ్యమైనది మన "అవును". మనం తల ఊపితే అది అవునో, వింటున్నాననో, తర్వాత చూద్దామనో మనకే తెలుస్తుంది. అక్కడ అవునంటే అవునే. శనివారం వస్తానని వెళ్లకపోతే మాట తప్పినట్టే లెక్క. "నాకు అర్థం కాలేదు, మళ్లీ చెప్పండి" అనడం సిగ్గు కాదు. అర్థం కాకుండానే "యస్" అని వచ్చి, పని తప్పుగా చేస్తే అది పెద్ద లోపం.

మన ధర్మం దగ్గర మొహమాటం అక్కర్లేదు

తల్లిదండ్రులు ఎక్కువగా భయపడేది ఇక్కడే. మద్యం ముట్టుకోనంటే వెలివేస్తారా? నమాజుకు లేస్తే ఉద్యోగం పోతుందా? మాతో మాట్లాడినవారి అనుభవం దాదాపు ఒకటే. మొదటి రోజే నవ్వుతూ "నేను మద్యం తాగను, కానీ మీతో కూర్చుంటాను" అన్నవారిని మళ్లీ ఎవరూ అడగలేదు. మొహమాటపడి గ్లాసు చేతిలో పట్టుకుని తాగినట్టు నటించినవారికే ప్రతి వారం ఇబ్బంది.

"షౌట్" అనే ఆచారం గురించి తప్పక తెలియాలి. కొందరు కలిసి కూర్చున్నప్పుడు ఒకరి తర్వాత ఒకరు అందరికీ పానీయాలు కొంటారు. మన పిల్లవాడు ఒకరు కొనిచ్చిన నిమ్మరసం తాగితే తర్వాతి వంతు అతనిది. అప్పుడు అందరికీ బీరు కొనవలసి వస్తుంది. వంతు ఎగ్గొడితే పిసినారి అన్న పేరు వస్తుంది. అందుకే ముందే చెప్పాలి, "నేను ఈ వంతుల్లో లేను, నాది నేనే కొనుక్కుంటాను" అని. ఇలా చెప్పడం వారి మర్యాదకు లోబడినదే.

భోజనం విషయమూ అంతే. సిడ్నీ, మెల్బోర్న్ వంటి నగరాల్లో హలాల్ మాంసం దొరకడం కష్టం కాదు. సిడ్నీలో లకెంబా, ఆబర్న్ ప్రాంతాలు మసీదులకూ హలాల్ దుకాణాలకూ పేరుపడ్డవి. జాగ్రత్త అవసరమైనది బార్బెక్యూల దగ్గర. ఒకే పెనం మీద అన్ని రకాల మాంసం, ఉల్లిపాయలు కలిపి కాలుస్తారు. మన మాంసం మనం తీసుకెళ్లి, కాల్చడానికి వేరే రేకు పళ్లెం అడిగితే సంతోషంగా ఇస్తారు. అడగకుండా మూల కూర్చుని పస్తుంటే పిలిచినవారే నొచ్చుకుంటారు.

కరచాలనం సంగతి కూడా అలాంటిదే. పరాయి స్త్రీపురుషులు చేయి కలపడం ఇష్టంలేనివారు, అవతలివారు చేయి చాపకముందే తమ చేతిని గుండె మీద పెట్టుకుని, చిరునవ్వుతో పలకరిస్తే చాలు. చాపిన చేతిని చూస్తూ ముఖం తిప్పుకోవడమే అవమానం.

నమాజు కోసం చాలా విశ్వవిద్యాలయాల్లో ప్రార్థనా గది ఉంటుంది. ఉద్యోగంలో చేరేటప్పుడే జుమా గురించి మాట్లాడి, ఆ సమయం ఎలా భర్తీ చేస్తారో కూడా చెబితే ఒప్పుకునే యాజమాన్యాలు చాలా ఉన్నాయి. అందరూ వాడే వాష్‌బేసిన్‌లో కాళ్లు పెట్టి వుజూ చేయడం, నేలంతా నీళ్లు చేయడం మాత్రం మనవాళ్ల మీద ఫిర్యాదులు తెచ్చిపెడుతుంది. ఒక సీసాతో నీళ్లు తీసుకుని, పని అయ్యాక నేల తుడిచి రావాలి. ఎదుటివారికి ఇబ్బంది కలగకుండా ఇబాదత్ చేయడం మనకు ఎవరో కొత్తగా నేర్పవలసిన సంగతి కాదు.

ఇల్లు, ఇరుగుపొరుగు

అక్కడ చెప్పకుండా ఎవరి ఇంటికీ వెళ్లరు. ముందు ఫోన్ చేయాలి, అన్న సమయానికి వెళ్లాలి. రాత్రి పొద్దుపోయాక గట్టిగా మాట్లాడినా, పాటలు పెట్టినా పక్కవారు ఫిర్యాదు చేయవచ్చు. ఏ చెత్త ఏ డబ్బాలో వేయాలో, ఏ రోజు బయట పెట్టాలో తెలుసుకోవాలి. స్నానాల గది నేల చాలా ఇళ్లలో పొడిగా ఉంచేలా కడతారు కనుక మన పద్ధతిలో నీళ్లు గుమ్మరిస్తే అడుగు అంతస్తు వరకు కారుతాయి.

తాలింపు పొగకు మోగే అలారం మన పిల్లలందరికీ అనుభవమే. కొన్ని పెద్ద భవనాల్లో అలారం మోగగానే అగ్నిమాపక వాహనం వచ్చేస్తుంది. అనవసరంగా పిలిపించినందుకు బిల్లు కూడా పడవచ్చు. వంట మొదలుపెట్టేముందు చిమ్నీ ఫ్యాను వేసి, కిటికీ తీయాలి. పొగ పోవాలని వరండా వైపు తలుపు తీస్తే ఆ పొగ భవనం అలారం దాకా వెళుతుంది.

అద్దె ఇంట్లో దిగేరోజే గోడల మరకలు, విరిగిన గడియలు ఫోటో తీసి, ఇంటి స్థితి నమోదు చేసే కాగితంలో రాయించాలి. ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సు తిరిగి రావడం దాని మీదే ఆధారపడుతుంది. "మనవాడే కదా, కాగితం ఎందుకు" అన్న మొహమాటం వల్ల డబ్బు పోగొట్టుకున్నవారు తక్కువేమీ కాదు.

జీతం అడగడం అమర్యాద కాదు

ఈ మాట దాతలు ప్రత్యేకంగా గమనించాలని మా మనవి. అక్కడ మన పిల్లలను ఎక్కువగా మోసగించేది పరాయివారు కాదు. "బేటా, మనవాడివి" అంటూ పనిలో పెట్టుకుని, కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చి, అదీ చేతికి నగదుగా ఇచ్చి, రసీదు లేకుండా చేసే యజమానుల్లో మన దేశంవారూ ఉన్నారు. పిల్లవాడు అడగలేడు. పెద్దాయన, పైగా మొదటి నెలలో అన్నం పెట్టాడు. నోరు తెరిస్తే వీసా పోతుందని బెదిరింపు కూడా.

నిజానికి కనీస వేతన చట్టం వీసా మీద ఉన్నవారికీ పౌరులకీ ఒకేలా వర్తిస్తుంది. 2023 జులై 1 నుంచి విద్యార్థులు తరగతులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటల వరకు పని చేయవచ్చు. 2024 జులై 1 నుంచి, వీసాను అడ్డం పెట్టుకుని పనివారిని బెదిరించి దోచుకునే యజమానులపై చర్య తీసుకునే కొత్త చట్టం అమల్లో ఉంది. ఫెయిర్ వర్క్ అంబుడ్స్‌మన్ కార్యాలయానికి 13 13 94 నంబరులో ఫోన్ చేయవచ్చు. పేరు చెప్పకుండా కూడా సమాచారం ఇవ్వవచ్చు. ఇంగ్లీషులో చెప్పలేకపోతే 131 450 నంబరుకు చేసి దుబాసీని కోరవచ్చు. కూలివాడి కష్టానికి తగిన వేతనం వెంటనే చెల్లించాలన్నది మన ధర్మంలోనూ గట్టి ఆదేశమే. దాన్ని అడగడం ఎలా అమర్యాద అవుతుంది?

చేయి ఎత్తడం తెలియాలి

సముద్రం లేకుండా ఆస్ట్రేలియా జీవితం లేదు. మన పిల్లల్లో చాలామందికి ఈత రాదు. అక్కడి తీరాల్లో ఎరుపు, పసుపు రంగుల జెండాలు రెండు పాతి ఉంటాయి. రక్షకులు కనిపెట్టుకుని ఉండేది ఆ రెండింటి మధ్య నీటినే. జనం లేని చోట అలలు తక్కువగా, నీరు ప్రశాంతంగా కనిపిస్తే మనవాళ్లు అటు వెళతారు. తరచూ మనిషిని లోపలికి లాక్కుపోయే ప్రవాహం ఉండేది సరిగ్గా అలాంటి చోటే. కొత్తగా వచ్చిన విద్యార్థులు ఇలా ప్రాణాలు కోల్పోయిన వార్తలు మన ఇళ్లకు కూడా చేరాయి.

ప్రవాహం లాగితే దానికి ఎదురీదకూడదు. తేలుతూ ఉండి, ఒక చేయి పైకెత్తి ఊపాలి. చేయి ఎత్తితే సహాయం కావాలని అర్థం. నవ్వుతారేమోనని చేయి ఎత్తకుండా ఉండటం ప్రాణం మీదికి తెస్తుంది. అన్నిరకాల అత్యవసరాలకు ఫోన్ నంబరు 000.

మన ఆడపిల్లలకు ఒక మాట. శరీరమంతా కప్పే ఈత దుస్తులను, అంటే బుర్కినీని, 2004లో రూపొందించింది సిడ్నీకి చెందిన ముస్లిం మహిళ అహేదా జనెట్టి. తర్వాత ఆ దుస్తులతోనే తీర రక్షక శిక్షణ పొందిన ముస్లిం యువతులూ ఉన్నారు. హయా కాపాడుకుంటూ ఈత నేర్చుకోవడానికి అక్కడ దారి ఉంది.

ఆ నేల కథ కూడా తెలియాలి

సభ ఏదైనా మొదలయ్యేముందు, ఆ నేల ఆదివాసుల సంప్రదాయ భూమి అని గుర్తుచేసుకుని వారి పెద్దలకు గౌరవం ప్రకటిస్తారు. అప్పుడు మాటలు ఆపి నిశ్శబ్దంగా వినాలి. ఏప్రిల్ 25న యుద్ధంలో పోయినవారిని తెల్లవారుజామునే స్మరించుకుంటారు. ఆ రోజు వేళాకోళం పనికిరాదు. జనవరి 26 జాతీయ దినమే అయినా చాలామంది ఆదివాసులకు అది దుఃఖదినం. ఎవరితో ఏమి మాట్లాడుతున్నామో చూసుకోవాలి.

మనం ఆ నేలకు పూర్తిగా కొత్తవారం కాదు. 1860ల నుంచి అఫ్గానిస్తాన్, బలూచిస్తాన్, సింధ్, పంజాబ్ ప్రాంతాల ముస్లింలు ఒంటెలతో వెళ్లి ఆ ఎడారుల్లో సరుకులు మోశారు. అడిలైడ్‌లో 1880ల చివర వారు కట్టిన మసీదు ఇప్పటికీ ఉంది. అడిలైడ్ నుంచి డార్విన్ వెళ్లే రైలును "ఘాన్" అనడం వారి జ్ఞాపకంగానే. తర్వాత 1901 చట్టంతో తెల్లవారు కానివారికి తలుపులు మూసిన దేశం కూడా అదే. 1973 నాటికి ఆ విధానాన్ని పూర్తిగా వదిలిపెట్టింది. 2021 జనాభా లెక్కల్లో ముస్లింలు ఎనిమిది లక్షలు దాటారు, మొత్తం జనాభాలో 3.2 శాతం. ఇంట్లో తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేలు.

అంతా చల్లగా ఉంటుందని మేము చెప్పడం లేదు. హిజాబ్ చూసి రైల్లో నోరు పారేసుకునేవారు ఎదురుకావచ్చు. అలాంటప్పుడు వాదనకు దిగకుండా మనుషులున్న చోటికి జరగాలి, ప్రమాదం అనిపిస్తే 000కు ఫోన్ చేయాలి, తర్వాత ఫిర్యాదు తప్పక నమోదు చేయాలి. జాతి వివక్షను నిషేధించే చట్టం 1975 నుంచి ఉంది. ఇక్కడ కూడా మొహమాటం తగదు.

దాతలకు మా మనవి

మీరు ఇచ్చే సొమ్ము పిల్లవాడిని విమానం ఎక్కిస్తుంది. దాంతోపాటు ఒక సాయంత్రం కూడా ఇవ్వండి. బయలుదేరే ముందు అతన్ని ఇంటికి పిలిచి, అక్కడ ఉండి వచ్చినవారిని పక్కన కూర్చోబెట్టి, ఈ వ్యాసంలోని విషయాలు మాట్లాడించండి. నంబర్లు ఫోన్‌లో పెట్టించండి. "నేను తాగను", "నాకు అర్థం కాలేదు", "నా జీతం లెక్క చూపించండి", "నాకు సహాయం కావాలి" అన్న నాలుగు వాక్యాలు నవ్వుతూ, తడబడకుండా పలికేదాకా అనిపించండి.

చివరగా ఇంకొక మాట చెప్పండి. కష్టం వస్తే మనకు చెప్పడానికి కూడా మొహమాటపడవద్దని. దాత సొమ్ము తీసుకున్నానన్న బరువుతో, పరీక్ష తప్పినా, పని పోయినా, ఒంటరితనంతో నిద్ర పట్టకపోయినా ఇంటికి "అంతా బాగుంది" అని చెప్పే పిల్లలున్నారు. ఇచ్చిన చేయి లెక్క అడగడానికి కాదు, పట్టుకోవడానికి కూడా ఉందని వారికి తెలియాలి. అల్లాహ్ మన పిల్లలను ఎక్కడున్నా క్షేమంగా ఉంచుగాక. ఆమీన్.